చేటర్ రోడ్ వెనక మనిషి: కలకత్తా అనాథ హాంకాంగ్‌లో ఇంతవాడు ఎలా అయ్యాడు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు హాంకాంగ్‌కి కొత్తగా వచ్చారు, ఆఫీసు ఊరి వ్యాపార కేంద్రమైన సెంట్రల్‌లో, రోజూ చేటర్ రోడ్ దాటుతున్నారు. మీ అమ్మాయికి స్కూల్లో "ఈ నగరాన్ని మార్చిన వలసదారు" అని ప్రాజెక్టు ఇచ్చారు. పాల్ చేటర్ కలకత్తాలో పుట్టిన అనాథ అని ఎక్కడో చదివి, మూడు సంగతులు అడిగారు. ఆయన ఇంగ్లీషువాడేనా? చేతిలో ఏమీ లేని కుర్రాడు అంత డబ్బు ఎలా సంపాదించాడు? చివరికి ఆయన్ని దాత అనాలా, వలస పాలనలో బాగుపడ్డ వ్యాపారి అనాలా?

సూటిగా చెప్తాను. ఆయన ఇంగ్లీషువాడు కాదు, కలకత్తా అర్మేనియన్. సంపాదన వెండి మార్పిడితో మొదలైంది, సముద్రాన్ని పూడ్చి తీసిన నేలతో పెరిగింది. మూడో ప్రశ్నకి జవాబు, రెండూ నిజమే. తప్పించుకోవడానికి అనడం లేదు ఈ మాట. చట్టసభలో ఆయన కూర్చున్న కుర్చీ, ఆయన కంపెనీల లెక్కలు, ఆయన చేసిన దానాలు, ఈ మూడూ ఒకదాంట్లోంచి ఒకటి వచ్చాయి. విడదీసి రాస్తే పిల్లల పుస్తకంలో మహానుభావుడో, కోపంగా రాసిన వ్యాసంలో దోపిడీదారుడో మిగులుతాడు గానీ అసలు మనిషి కనబడడు.

నేను ఇక్కడ ఓడ సరుకుల కాగితాల పనిలో చాలా ఏళ్లు గడిపాను. బిల్లులు, గోదాము రసీదులు, బీమా, ఇదే లోకం. ఇప్పుడు సెలవు రోజుల్లో మనవాళ్లు ఎవరైనా వస్తే సెంట్రల్ అంతా నడిపించి చూపిస్తుంటాను. చేటర్ మీద నాకు ఇష్టం పుట్టింది ఆ పని వల్లే. ఈ రేవు ఎలా నడిచిందో తెలిస్తేనే ఆయన తెలివి ఎక్కడుందో తెలుస్తుంది.

ముందు పుట్టుక సంగతి. 1846 సెప్టెంబర్ 8న కలకత్తాలో అర్మేనియన్ కుటుంబంలో పుట్టాడు. అసలు పేరు ఖాచిక్ పొగోస్ అస్త్వత్సతూరియన్. ఇంగ్లీషు కాగితాల్లో అది క్యాచిక్ పాల్ చేటర్ అయింది. అర్మేనియన్లు భారతదేశానికి ఎందుకు వచ్చారని మీ అమ్మాయి తప్పకుండా అడుగుతుంది. పర్షియా రాజు షా అబ్బాస్ 1600ల మొదట్లో జుల్ఫా పట్టణంలోని అర్మేనియన్లను లేపి ఇస్ఫహాన్ పక్కన కొత్త జుల్ఫాలో పెట్టాడు. అక్కడి నుంచి పట్టు, రత్నాలు, బట్టల వ్యాపారం మీద వాళ్లు సూరత్, ఆగ్రా, మద్రాసు, కలకత్తా దాకా వ్యాపించారు. మనకీ వీళ్లు కొత్తవాళ్లు కారు. మచిలీపట్నం రేవులో వ్యాపారం చేశారు. హైదరాబాద్ ఉప్పుగూడలో వాళ్ల పాత సమాధులు ఉన్నాయి. చెన్నై అర్మేనియన్ స్ట్రీట్ మీదుగా వెళ్లని తెలుగువాళ్లు తక్కువ. అర్మేనియన్ భాషలో ప్రపంచంలోనే మొదటి పత్రిక 1794లో అచ్చయింది మద్రాసులోనే.

చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. కలకత్తా లా మార్టినియర్ బడి స్కాలర్‌షిప్ ఇచ్చి చదివించింది. ఈ బడి సంగతి రెండు వాక్యాల్లో చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. క్లాడ్ మార్టిన్ అనే ఫ్రెంచివాడు, లియాన్ నగరంలో పుట్టి, లక్నోలో కోట్లు గడించి, 1800లో అక్కడే చనిపోతూ తన డబ్బుతో బడులు పెట్టమని వీలునామా రాశాడు. ఆ డబ్బుతోనే 1836లో కలకత్తా బడి తెరిచారు. అంటే పరాయి ఊళ్లో సంపాదించిన ఒక వలసదారుడి సొమ్ము ఇంకో వలస కుటుంబపు అనాథకి అన్నం, అక్షరం పెట్టింది.

1864లో, పద్దెనిమిదేళ్ల వయసులో, హాంకాంగ్ వచ్చాడు. అప్పటికే అక్క కుటుంబం ఇక్కడ ఉంది. వాళ్లింట్లో ఉంటూ బ్యాంక్ ఆఫ్ హిందుస్థాన్, చైనా అండ్ జపాన్‌లో గుమాస్తాగా చేరాడు. 1866 ఆర్థిక సంక్షోభంలో ఆ బ్యాంకే మునిగిపోయింది. బగ్దాదీ యూదు వ్యాపార కుటుంబం ససూన్ల సాయంతో చేటర్ సొంతంగా వెండి బంగారాల మార్పిడి దలాలీ మొదలుపెట్టాడు.

ఈ దలాలీ అంటే ఏమిటో చెప్పకుండా ముందుకి పోతే కథ అర్థం కాదు. అప్పట్లో చైనా తీరంలో ఒకే నాణెం లేదు. మెక్సికో వెండి డాలర్లు, చైనా వెండి కడ్డీలు, లండన్ మీద పౌండు హుండీలు, భారత రూపాయలు, అన్నీ ఒకే బజారులో తిరిగేవి. వాటి మధ్య ధర రోజూ మారేది. టీ కొనేవాడికి వెండి కావాలి, లండన్‌కి డబ్బు పంపేవాడికి పౌండు కావాలి. ఇద్దరినీ కలిపి మధ్యలో కమీషన్ తీసుకునేవాడు దళారీ. దానికి పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. ఎవరి దగ్గర ఏముందో, ఏ ఓడ ఎప్పుడొస్తుందో తెలియాలి, మాట మీద నిలబడాలి. ఇంట్లో ఆస్తి లేని కుర్రాడికి ఇంతకన్నా సరిపోయే పని ఆ ఊళ్లో ఇంకోటి లేదు. పైగా ఊళ్లో ఎవరు ఎదుగుతున్నారు, ఎవరు మునుగుతున్నారు, ఏ స్థలం అమ్మకానికి వస్తుంది అన్న సమాచారం అందరికన్నా ముందు చేరేది ఈ దళారీకే. తర్వాత స్థలాల వ్యాపారంలో ఆయనకి అదే బలమైంది.

ఈ పనిలో భాగస్వామి హోర్ముస్‌జీ మోదీ, బొంబాయి నుంచి వచ్చిన పార్సీ. "చేటర్ అండ్ మోదీ" అంటే ఊరంతా తెలుసు. ఒకసారి నా వెంట నడిచిన కుర్రాడు, రేవుకి అవతలి ఒడ్డున కౌలూన్ వైపున్న చిమ్ షా చుయిలో, మోదీ రోడ్ బోర్డు చూసి ఎవరినో తల్చుకుని నవ్వాడు. ఆ మోదీ ఈయనే.

ఇప్పుడు అసలు విషయం, నేల. మీరు ఈ ఊరికి కొత్త కాబట్టి ముందు భూగోళం మనసులో పెట్టుకోండి. హాంకాంగ్ ద్వీపంలో కొండ నేరుగా నీళ్లలోకి దిగుతుంది. ఇళ్లు కట్టడానికి చదునైన చోటు ఒడ్డున సన్నటి పట్టీ మాత్రమే. 1860ల్లో అక్కడ లక్షకు పైగా జనం. ప్రతి వ్యాపారికీ నీటి ఒడ్డున స్థలం కావాలి. కొండని జరపలేం, అందుకే సముద్రాన్నే జరపాలని చేటర్‌కి తోచింది. ఆ ఆలోచన ఆయనదొక్కడిదే కాదు. 1850ల్లో గవర్నర్ జాన్ బౌరింగ్ ఒడ్డు పొడవునా పూడ్పు పథకం తెచ్చాడు. ఒడ్డు స్థలాలున్న పెద్ద వ్యాపారులు ఎదురు తిరిగారు, 1859లో అది చట్టసభలోనే వీగిపోయింది. ఒడ్డు హక్కు తమదని, ముందు ఇంకో రోడ్డూ ఇంకో స్థలమూ వస్తే తమ రేవు లోపలికి పోతుందని వాళ్ల భయం.

చేటర్ తెలివి పూడ్చడంలో లేదు, ఎదురు తిరిగినవాళ్లనే భాగస్వాములు చేయడంలో ఉంది. 1887లో ఆయన పెట్టిన ప్రతిపాదన సారాంశం ఇది. ఒడ్డు స్థలాల యజమానులు తమ ముందున్న నీళ్లని పూడ్చే ఖర్చు తామే పెట్టుకోవాలి. పూడిన నేలలో రోడ్లు పోను మిగిలింది వాళ్లకే వస్తుంది. ప్రభుత్వం ఖజానాలోంచి పెద్దగా తీయకుండానే కొత్త రోడ్లు, కొత్త ఒడ్డు, పన్ను వచ్చే భవనాలు దొరుకుతాయి. లండన్‌లో వలసల శాఖ ఒప్పుకోవాలి కాబట్టి స్వయంగా వెళ్లి మాట్లాడాడు. 1889లో చట్టం వచ్చింది, 1890లో పని మొదలైంది, 1900ల మొదట్లో పూర్తయింది. సుమారు మూడు కిలోమీటర్ల పొడవున, ఒడ్డు నుంచి 250 అడుగుల దాకా సముద్రం వెనక్కి జరిగింది. ఇంచుమించు 60 ఎకరాలు.

నా నడకలో ఇదే నాకు బాగా ఇష్టమైన చోటు. డి వూ రోడ్డు మీద ట్రామ్ పట్టాల పక్కన నిలబెట్టి, "పాత ఒడ్డు ఇదే. ఇక్కడి నుంచి నీళ్ల వైపు మీకు కనబడేదంతా ఒకప్పుడు సముద్రం" అంటాను. కనాట్ రోడ్, చేటర్ రోడ్, స్టాచ్యూ స్క్వేర్, 1912లో తెరిచిన పాత సుప్రీంకోర్టు రాతి భవనం, అన్నీ ఆ పూడ్పు మీదే. కనాట్ రోడ్ దగ్గర కూడా ఇప్పుడు నీళ్లు కనబడవు, ఎందుకంటే తర్వాతి తరాలు ఇదే పని మళ్లీ మళ్లీ చేశాయి. 1920ల్లో వాన్‌చాయ్‌లో మారిసన్ హిల్ అనే గుట్టని తవ్వి ఆ మట్టితో ఇంకో పెద్ద పూడ్పు చేశారు. చేటర్ కోరుతూ వచ్చిన పనుల్లో అదీ ఒకటి.

రాత్రిళ్లు చిన్న పడవలో ఒక్కడే వెళ్లి, తాడుకి గుండు కట్టి, సముద్రం లోతు కొలిచేవాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ బాగుంది, నాకూ ఇష్టమే. ప్రాజెక్టులో మాత్రం "అని చెప్పుకుంటారు" అనే రాయమనండి.

ఇక కుర్చీ సంగతి. ఆయన ఎప్పుడూ ఎన్నికల్లో నిలబడలేదు. మన పిల్లలు రాజకీయ నాయకుడు అనగానే ఓట్లు అనుకుంటారు, కాబట్టి ఇది స్పష్టంగా రాయించండి. అప్పటి హాంకాంగ్ చట్టసభలో గవర్నరు, అధికారులదే మెజారిటీ. నలుగురైదుగురు అనధికార సభ్యులు ఉండేవారు. కొందరిని వ్యాపారుల చాంబరు, కొందరిని గౌరవ న్యాయాధికారులు (జస్టిస్ ఆఫ్ ది పీస్) సూచిస్తే గవర్నరు నియమించేవాడు. చేటర్ 1880ల రెండో సగం నుంచి 1906 దాకా గౌరవ న్యాయాధికారుల తరఫున సభలో ఉన్నాడు. 1896లో గవర్నరుకి సలహా ఇచ్చే కార్యనిర్వాహక మండలిలోకి మొదటిసారి అనధికార సభ్యులను తీసుకున్నప్పుడు ఆ ఇద్దరిలో ఒకడు బెల్-ఐర్వింగ్, రెండోవాడు చేటర్. 1926లో చనిపోయేదాకా ఆ స్థానంలోనే ఉన్నాడు. ముప్పయ్యేళ్లు. గవర్నర్లు వచ్చిపోతుంటారు, ఈయన కదలడు. పాత ఫైళ్ల సంగతి నోటికి తెలిసినవాడిగా ప్రతి కొత్త గవర్నరుకీ ఈయన అవసరమే.

ఆ కాలపు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1886లో కౌలూన్ వార్ఫ్ అండ్ గోడౌన్ కంపెనీ. 1889 మార్చిలో, జార్డిన్ అనే పెద్ద బ్రిటిష్ వ్యాపార సంస్థ పెద్ద జేమ్స్ జాన్‌స్టన్ కెజ్విక్‌తో కలిసి, స్థలాలూ భవనాల కంపెనీ హాంకాంగ్ ల్యాండ్. అదే 1889లో హాంకాంగ్ ఎలక్ట్రిక్. పూడ్పు చట్టమూ అదే 1889లో. అంటే పూడ్పు ప్రతిపాదించినవాడు, ఆ చట్టం వచ్చినప్పుడు సభలో కూర్చున్నవాడు, ఒడ్డు స్థలాల యజమానుల్లో ఒకడు, పూడిన నేల మీద భవనాలు కట్టే కంపెనీ పెట్టినవాడు, అందరూ ఒక్కడే. ఈ రోజు మన దగ్గర ఎవరైనా ఇలా చేస్తే పేపర్లో మొదటి పేజీకి ఎక్కుతుంది. అప్పటి చట్టాల ప్రకారం అది నేరం కాదు, అనధికార సభ్యులందరూ వ్యాపారులే, దాచిందీ లేదు. అయినా ఆ లాభం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న ప్రశ్న అడగాల్సిందే.

వార్ఫ్ కంపెనీ గురించి ఒక్క మాట, నా వృత్తి కాబట్టి. అంతకుముందు ఓడలు రేవు నడుమ లంగరు వేసేవి. సరుకంతా చిన్న పడవల్లోకి దింపి ఒడ్డుకి తేవాలి. ప్రతి దింపుడుకీ కూలి, తడి, దొంగతనం, ఆలస్యం. ఓడ నేరుగా గట్టుకి ఆనుకుని, సరుకు పక్కనే గోదాములోకి వెళ్లి, గోదాము ఇచ్చిన రసీదు మీద బ్యాంకు అప్పు ఇస్తే వ్యాపారి డబ్బు ఆగదు. కౌలూన్ వైపు లోతైన నీళ్లు, చవక నేల ఉన్నాయని గుర్తించి అక్కడ ఈ ఏర్పాటు చేయడం ఆ రేవు నడకనే మార్చింది. ఇప్పుడు చిమ్ షా చుయిలో మీరు షాపింగ్‌కి వెళ్లే హార్బర్ సిటీ ఆ గోదాముల చోటే. దాని పక్కన ఎక్కే స్టార్ ఫెర్రీని మొదలుపెట్టింది దొరాబ్‌జీ నౌరోజీ అనే పార్సీ. 1898లో ఆయన నుంచి దాన్ని తీసుకున్నది కూడా ఈ వార్ఫ్ కంపెనీ వైపువాళ్లే. కరెంటు కంపెనీ వాన్‌చాయ్‌లో స్టేషన్ కట్టి 1890 డిసెంబర్ 1న సెంట్రల్ వీధి దీపాలు వెలిగించింది.

1898లో బ్రిటన్ చైనా నుంచి 99 ఏళ్ల కౌలుకి తీసుకున్న, కౌలూన్‌కి ఉత్తరాన ఉన్న న్యూ టెరిటరీస్ వెనక కూడా చేటర్ ఒత్తిడి ఉంది. కౌలూన్ సరిహద్దుని ముందుకి జరపాలని అంతకు నాలుగేళ్ల ముందే గవర్నరుకి రాసి ఇచ్చాడు. రక్షణ కోసం అన్నారు. కౌలూన్‌లో భూములున్నవాళ్లకి దాంట్లో లాభమూ ఉంది. 1997లో ఈ ఊరు చైనాకి తిరిగి వెళ్లింది ఆ కౌలు గడువు తీరడం వల్లే కాబట్టి, మీ అమ్మాయి ప్రాజెక్టులో ఈ ముక్కకి చోటివ్వండి.

ఇప్పుడు చేదు భాగం. ఆ ఊళ్లో తిరిగిన వెండిలో పెద్ద వాటా నల్లమందు వ్యాపారంది. ప్రభుత్వమే నల్లమందు అమ్మే హక్కుని వేలం వేసి ఆదాయం తీసుకునేది. ససూన్లు, మోదీ ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు. వెండి మార్పిడి చేసినవాడి కమీషన్ దానికి దూరంగా ఉందని నేను అనలేను. ఇంకోటి, 1904లో కొండ మీది పీక్ ప్రాంతంలో చైనీయులు కాపురం ఉండకూడదని చట్టం వచ్చింది. పనివాళ్లుగా ఉండొచ్చు, ఇంటివాళ్లుగా ఉండకూడదు. చేటర్ అప్పుడు చట్టసభలోనూ మండలిలోనూ సభ్యుడు. ఊరి జనంలో నూటికి తొంభై మందికి పైగా చైనీయులు. అయినా కార్యనిర్వాహక మండలిలోకి మొదటి చైనీయుడు, సర్ షౌసన్ చౌ, వచ్చింది 1926లో. పూడ్పుకి మోసిన రాళ్లూ, వార్ఫ్ మీద దించిన బస్తాలూ ఎవరి భుజాల మీదుగా వెళ్లాయో చెప్పనక్కర్లేదు. వాళ్ల పేరున అక్కడ రోడ్డు లేదు. ఈ పేరా రాయకుండా ప్రాజెక్టు ముగించొద్దని నా గట్టి మాట.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. చేటర్ కూడా ఆ పాలకుల్లో పూర్తిగా ఒకడు కాదు. ఇంగ్లండులో పుట్టలేదు, పెద్ద కుటుంబం కాదు, కలకత్తా నుంచి వచ్చిన ఆసియా క్రైస్తవుడు. వాళ్ల క్లబ్బుల్లో, గుర్రప్పందేల్లో, ఫ్రీమేసన్లు అనే సోదర సంఘంలో పెద్దరికం సంపాదించడానికి డబ్బుతో పాటు ఓపిక పట్టింది. 1892 నుంచి చనిపోయేదాకా జాకీ క్లబ్ పెద్ద ఆయనే. 1902లో సర్ బిరుదు వచ్చింది. దానాలు కూడా ఆ గౌరవం కొనుక్కోవడానికేనని కొందరు అంటారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ దానాల జాబితా చూస్తే ఆ మాట సరిపోదు.

ఎవరినైనా దాత అనే ముందు నేను చూసేది రెండు. బతికుండగా ఇచ్చాడా, చచ్చాక ఇచ్చాడా? తనని పొగడగలవాళ్లకి ఇచ్చాడా, పొగిడినా లాభం లేనివాళ్లకీ ఇచ్చాడా? చేటర్ బతికుండగానే ఇచ్చాడు. కౌలూన్‌లో నాథన్ రోడ్ మీద ఉన్న సెయింట్ ఆండ్రూస్ చర్చి 1906లో తెరిచారు. కట్టడానికైన ఖర్చు ఆయనదే. హాంకాంగ్ విశ్వవిద్యాలయానికి మోదీ మొదట లక్షా యాభై వేల డాలర్లు ఇస్తానని ముందుకొచ్చాడు. 1910లో పునాది రాయి పడింది, 1911లో మోదీ పోయాడు, 1912లో తలుపులు తెరిచారు. మోదీ కట్టించిన భవనం చూడ్డానికి మోదీ లేడు. ఆ విశ్వవిద్యాలయం నిధి పోగు చేయడంలో చేటర్ కూడా నడుం కట్టి పని చేశాడు.

ఇవన్నీ హాంకాంగ్‌కి ఇచ్చినవి. వీటికి పేరూ, బిరుదూ తిరిగి వస్తాయి. ఆయన మనసు తెలిసేది కలకత్తాకి ఇచ్చినదాంట్లో. 1920ల్లో లా మార్టినియర్ డబ్బు లేక మూతపడే స్థితికి వచ్చింది. హాంకాంగ్‌లో ఆ బడి పేరు ఎవరికీ తెలియదు. ఆయన కలకత్తా వదిలి అరవై ఏళ్లు. అయినా పదకొండు లక్షల రూపాయలు పంపాడు. ఆ కాలపు పదకొండు లక్షలు! బడి నిలబడింది, ఇప్పటికీ నడుస్తోంది. వీలునామాలో ఇవ్వాల్సినవి ఇచ్చాక మిగిలిన ఆస్తి కలకత్తా అర్మేనియన్ చర్చికి రాశాడు. పిల్లలు లేరు. 1910లో, అరవై దాటాక, స్వీడన్‌కి చెందిన మరియా క్రిస్టీన్ పియర్సన్‌ని పెళ్లి చేసుకున్నాడు. కలకత్తాలో అర్మేనియన్ వృద్ధుల ఆశ్రమం ఒకటి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఊళ్లో ఆ సమాజం ఇప్పుడు చాలా చిన్నది. చర్చిలు, బడి, ముసలివాళ్ల సంరక్షణ ఇంకా సాగడానికి ఆ సొమ్ము ఒక పెద్ద ఆధారం.

ఒకసారి నా వెంట నడిచినవాళ్లలో లా మార్టినియర్‌లో చదివిన ఒకాయన ఉన్నారు, విశాఖ నుంచి వెళ్లి కలకత్తాలో స్థిరపడ్డ కుటుంబం. చేటర్ రోడ్ బోర్డు కింద నేను చెప్పడం మొదలుపెట్టగానే ఆగమన్నారు. తమ బడిలో ఆ పేరు స్థాపకుడి పేరు పక్కన వింటూ పెరిగారట, కానీ ఈ రోడ్డు మనిషీ ఆ మనిషీ ఒకరేనని అప్పుడే తెలిసిందన్నారు. తర్వాత గంటసేపు ఆయనే చెప్పారు, నేను విన్నాను.

ఒక దానం మాత్రం పూర్తిగా దక్కలేదు. కాండ్యూట్ రోడ్ పైన మార్బుల్ హాల్ అని పాలరాతి భవనం కట్టుకున్నాడు. చైనా తీరపు పాత చిత్రాలు నాలుగు వందలకు పైగా పోగు చేశాడు. తన తర్వాత భార్య బతికినన్నాళ్లు ఆమె ఉండి, ఆ తర్వాత భవనమూ చిత్రాలూ హాంకాంగ్‌కి చెందాలని రాశాడు. ఆమె 1935లో పోయారు. 1941 డిసెంబరులో జపాన్ సైన్యం ఊరిని పట్టుకుంది. యుద్ధం అయ్యాక చూస్తే చిత్రాల్లో మిగిలింది 94. భవనం 1946లో కాలిపోయింది, తర్వాత కూల్చేశారు. ఆ 94 ఇప్పుడు హాంకాంగ్ ఆర్ట్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. చిమ్ షా చుయి ఒడ్డునే, ప్రదర్శనలో పెట్టినప్పుడు తప్పకుండా చూపించండి. పూడ్చకముందు రేవు ఎలా ఉండేదో ఆ తరహా చిత్రాల్లో తెలుస్తుంది.

ఇవన్నీ తెలిశాక నా అభిప్రాయం అడిగితే, చేతికి ఎముక లేని దాత అనే పొగడ్త ఆయనకి సరిపోదు. లెక్క తెలిసిన మనిషి, ప్రతి డాలరు ఎక్కడ పెరుగుతుందో తెలుసు. ఆయన సంపాదన పద్ధతి ఒక అసమాన పాలన మీద నిలబడింది, దాన్ని మార్చాలని ఆయన ప్రయత్నించిన దాఖలా నాకు కనబడలేదు. అదే మనిషి తనని చదివించిన బడినీ, తన చిన్న సమాజాన్నీ డెబ్భై తొమ్మిదేళ్ల వయసులో కూడా మరవలేదు. ఈ రెండో మాట మొదటిదాన్ని కడిగేయదు, మొదటిది రెండోదాన్ని అబద్ధం చేయదు.

ఇక ప్రాజెక్టుకి పనికొచ్చేలా కొన్ని. చేటర్ విగ్రహం కోసం వెతక్కండి. ఆయన పూడ్పు వల్ల పుట్టిన స్టాచ్యూ స్క్వేర్‌లో ఇప్పుడున్న ఒకే ఒక్క విగ్రహం హాంకాంగ్ బ్యాంకు పెద్ద థామస్ జాక్సన్‌ది. అక్కడ ఉండిన విక్టోరియా రాణి విగ్రహం ఇప్పుడు విక్టోరియా పార్కులో ఉంది. పక్కనే ఉన్న చేటర్ గార్డెన్ 1975 దాకా క్రికెట్ మైదానం. కెన్నెడీ టౌన్‌లో క్యాచిక్ స్ట్రీట్ కూడా ఈయన పేరే, చాలామందికి తెలియదు. సమాధి హ్యాపీ వ్యాలీ శ్మశానంలో, ఆయన ఇష్టపడ్డ గుర్రప్పందేల మైదానానికి ఎదురుగా. మోదీ సమాధి కూడా హ్యాపీ వ్యాలీలోనే, పార్సీల శ్మశానంలో.

వీలైతే ఆదివారం వెళ్లండి. ఆ రోజు చేటర్ రోడ్ మీద బండ్లు ఆపేస్తారు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు వందలమంది అట్టలు పరుచుకుని కూర్చుని, వండుకొచ్చింది పంచుకుని, ఇంటికి ఫోన్లు చేసుకుంటూ ఉంటారు. ప్రాజెక్టు వలసదారుల గురించే కాబట్టి, మీ అమ్మాయి వాళ్లలో ఒకరిద్దరితో మర్యాదగా మాట్లాడి, ఒప్పుకుంటే వాళ్ల మాటలు కూడా రాసుకోవచ్చు.

రాతకి సరంజామా కావాలంటే చట్టసభ పాత చర్చలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1889 పూడ్పు చట్టం మీద ఏం మాట్లాడుకున్నారో పెద్దవాళ్లు చదివి పిల్లకి చెప్పండి, ఆ ఇంగ్లీషు పిల్లలకి కష్టం. 1880ల పటం ఒకటి, ఇప్పటి పటం ఒకటి ఒకే కొలతలో అచ్చు తీయించి, పాత ఒడ్డు గీతని కొత్త పటం మీద ఎర్ర పెన్నుతో గీయమనండి. టీచరుకి అదొక్కటి చూపిస్తే సగం ప్రాజెక్టు అయినట్టే. గీత డి వూ రోడ్డు దగ్గర సరిగ్గా పడకపోతే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఎక్కడ జరిగిందో చెప్తాను.